పోకర్‌లో పోతున్నది ముక్కల వల్లా, ఆట వల్లా: లెక్కగట్టి తేల్చుకునే విధానం

గెలుపోటముల గ్రాఫ్ నెల రోజులుగా కిందికే జారుతుంటే ఆటగాడి నోట సాధారణంగా రెండే మాటలు వస్తాయి. ఒకటి "ముక్క పడట్లేదు", రెండోది "సైట్‌లో ఏదో గోల్‌మాల్ ఉంది". "నా ఆటే చెడింది" అనే మూడో మాట చాలా ఆలస్యంగా వస్తుంది. గెలుస్తున్న నెలలో అసలు ప్రశ్నే పుట్టదు, వచ్చిందంతా తెలివి ఖాతాలో జమ అయిపోతుంది. రెండు సందర్భాల్లోనూ చెయ్యాల్సిన లెక్క ఒకటే. వర్గమూలం తీసే క్యాలిక్యులేటర్, ఒక స్ప్రెడ్‌షీట్, దాపరికం లేకుండా రాసుకున్న రికార్డు ఉంటే చాలు.

ముందే ఒక మాట. ఈ లెక్క చాలాసార్లు "నువ్వు గెలిచే ఆటగాడివి" అనో "నీకు ఆట రాదు" అనో చెప్పదు. "ఇంత రికార్డుతో ఏమీ తేలదు" అంటుంది. ఆ జవాబు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చివర్లో ఉంది. అక్కడికి వెళ్లేముందు, ఆ జవాబు నిజంగా వచ్చిందో లేదో లెక్క చేసి చూసుకోవాలి. కింది అంకెలన్నీ, వేరుగా చెప్పిన చోట తప్ప, నో-లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ అయిదు, పందేనికి పరిమితి లేని పోకర్) క్యాష్ గేమ్‌వి, అంటే టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడేవాటివి.

1. రికార్డును శుభ్రం చేసుకోండి

పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి ట్రాకర్ (ఆడిన ప్రతి హ్యాండ్‌ను, అంటే ప్రతి పంపకాన్ని, నమోదు చేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు సగం పని అయిపోయినట్టే. అయినా ఫిల్టర్ పెట్టకుండా మొత్తం డేటాబేస్ మీద లెక్క వెయ్యకండి. ఆరుగురి టేబుల్, తొమ్మిది మంది టేబుల్, ఒమాహా (చేతికి నాలుగు ముక్కలిచ్చే పోకర్) మూడూ వేరు వేరు ఆటలు. ఒక్కోదాని ఊపు ఒక్కో రకం. కలిపితే వచ్చే సగటు ఏ ఆటకూ చెందదు.

గెలుపోటములను డబ్బులో కాకుండా బిగ్ బ్లైండ్లలోకి (ముక్కలు చూడకముందే పెట్టాల్సిన తప్పనిసరి పందేల్లో పెద్దది), అంటే బీబీల్లోకి మార్చండి. లేకపోతే పెద్ద స్టేక్‌లో (పందెం స్థాయిలో) ఆడిన రెండు రోజులు చిన్న స్టేక్‌లో ఆడిన రెండు నెలలను మింగేస్తాయి. ఇక్కడ ఒక పాత ఉచ్చు ఉంది. ట్రాకర్లలో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో బీబీ అని ఉంటే బిగ్ బ్లైండ్. పెద్ద అక్షరాల్లో ఉంటే అది లిమిట్ ఆటల కాలం నాటి బిగ్ బెట్ కావచ్చు, అంటే రెండు బిగ్ బ్లైండ్లు. ఈ తేడా చూసుకోకపోతే విన్ రేట్ (100 హ్యాండ్లకు సగటున గెలిచే బీబీలు) సగానికి పడిపోతుంది, లేదా రెట్టింపవుతుంది. రేక్ (ప్రతి పాట్ నుంచి, అంటే పోగైన పందెం నుంచి, సైట్ తీసుకునే కోత) పోగా మిగిలిన ఫలితాన్నే తీసుకోండి. రేక్‌బ్యాక్ (రేక్‌లో తిరిగొచ్చే వాటా), బోనస్‌లు వేరే గడిలో రాయండి. అవి మీ ఆట గురించి ఏమీ చెప్పవు.

అన్నిటికంటే ఎక్కువమంది తప్పు చేసేది శాంపిల్ ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గర. గ్రాఫ్‌లో శిఖరం మీద వేలు పెట్టి "ఇక్కడి నుంచే పోతోంది" అని అక్కడి నుంచి లెక్క మొదలుపెడతారు. శిఖరం అంటేనే దాని తర్వాత గ్రాఫ్ దిగిన చోటు. అక్కడి నుంచి కొలిస్తే ఎంత గొప్ప ఆటగాడికైనా నష్టమే కనిపిస్తుంది. అందుకే హద్దును ఫలితంతో సంబంధం లేని చోట పెట్టండి: ఈ స్టేక్‌కు మారిన తేదీ, సంవత్సరం మొదలు, ట్రాకర్ పెట్టుకున్న రోజు.

2. మీ ఆట ఊపు ఎంతో తెలుసుకోండి

విన్ రేట్ అందరూ చూస్తారు, దాని పక్కనున్న స్టాండర్డ్ డీవియేషన్ గడిని చూసేవాళ్లు తక్కువ. దాన్ని ఎస్‌డీ అందాం. 100 హ్యాండ్లు ఆడినప్పుడు మీ ఫలితం సగటు చుట్టూ ఎంత ఎగిరి పడుతుందో అది చెబుతుంది. ఆరుగురి హోల్డెమ్‌లో ఇది సాధారణంగా 100 హ్యాండ్లకు 80 నుంచి 100 బీబీల మధ్య ఉంటుంది. నిండు టేబుల్‌లో కొంత తక్కువ. పాట్-లిమిట్ ఒమాహాలో 120 నుంచి 160 దాకా వెళ్తుంది. దూకుడుగా ఆడేవాళ్లది ఎక్కువ, బిగపట్టి ఆడేవాళ్లది తక్కువ. ట్రాకర్‌లో ఆ కాలమ్ కనిపించకపోతే రిపోర్ట్‌కు జోడించుకోండి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన అంకె వాడకండి.

లైవ్ టేబుల్స్‌లో ఆడేవాళ్లకు ట్రాకర్ ఉండదు, నోట్‌బుక్ ఉంటుంది. సెషన్ల నిడివి సమానంగా ఉండదు కాబట్టి స్ప్రెడ్‌షీట్‌లో మామూలు స్టాండర్డ్ డీవియేషన్ ఫంక్షన్ పెడితే తప్పు అంకె వస్తుంది. పద్ధతి ఇది: ప్రతి సెషన్ ఫలితాన్ని వర్గం చేసి ఆ సెషన్ గంటలతో భాగించండి, అన్నీ కూడండి. అందులోంచి గంట సగటు వర్గాన్ని మొత్తం గంటలతో గుణించి తీసెయ్యండి. మిగిలినదాన్ని సెషన్ల సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగించి వర్గమూలం తీయండి.

అయిదు సెషన్లతో చేసి చూద్దాం: 4 గంటలు +60 బీబీ, 6 గంటలు −110, 3 గంటలు +25, 5 గంటలు +140, 2 గంటలు −55. మొత్తం 20 గంటలు, +60 బీబీ, అంటే గంటకు 3.

- వర్గాలు ÷ గంటలు: 900 + 2016.7 + 208.3 + 3920 + 1512.5 = 8557.5
- తీసెయ్యాల్సింది: 3 × 3 × 20 = 180
- (8557.5 − 180) ÷ 4 = 2094.4
- వర్గమూలం: గంటకు 45.8 బీబీ

గంటకు 30 హ్యాండ్లు అనుకుంటే 100 హ్యాండ్లకు ఇది 45.8 × √(100 ÷ 30), దాదాపు 84 బీబీ. ఆన్‌లైన్ అంకెకు దగ్గరగానే ఉంది. అయిదు సెషన్లు పద్ధతి చూపించడానికే. ఎస్‌డీ కాస్త స్థిరపడాలంటే కనీసం 30 సెషన్లు కావాలి. అదృష్టవశాత్తూ ఎస్‌డీ విన్ రేట్‌లా ఏడిపించదు, త్వరగానే ఒక చోట నిలబడుతుంది.

3. విన్ రేట్ చుట్టూ ఉన్న మసకను కొలవండి

సూత్రం ఒక్కటే:

మసక = ఎస్‌డీ ÷ √(హ్యాండ్లు ÷ 100)

గణిత పుస్తకాలు దీన్ని స్టాండర్డ్ ఎర్రర్ అంటాయి. 50,000 హ్యాండ్లు, ఎస్‌డీ 90 అనుకోండి. 50,000 ÷ 100 = 500, దాని వర్గమూలం 22.36. 90 ÷ 22.36 = 4.02. మీ విన్ రేట్ 100 హ్యాండ్లకు −1 బీబీ అని ట్రాకర్ చూపిస్తుంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే పరిధి −1 కి అటూ ఇటూ 1.96 × 4.02, అంటే 7.9. సుమారు −8.9 నుంచి +6.9 దాకా.

ఆ పరిధిని ఒకసారి నిదానంగా చూడండి. ఒక చివర టేబుల్‌కు డబ్బులు పంచిపెట్టే ఆటగాడు, ఇంకో చివర ఆ స్టేక్‌ను చితక్కొట్టే ఆటగాడు. 50,000 హ్యాండ్ల రికార్డు వీళ్లిద్దరినీ వేరు చేయలేకపోతోంది. ఈ పరిధిని అటూ ఇటూ 2 బీబీలకు కుదించాలంటే దాదాపు 7,78,000 హ్యాండ్లు కావాలి. మసకను సగం చెయ్యాలంటే నాలుగింతలు ఆడాలి. వర్గమూలం పెట్టే బాధ ఇదే.

నిజంగా గెలిచే ఆటగాడు కూడా ఎన్నాళ్లు నష్టంలో కనిపించగలడో ఈ సూత్రంతోనే తెలుస్తుంది. ఎస్‌డీ 90 అయినప్పుడు, ఇన్ని హ్యాండ్ల తర్వాత కూడా నష్టంలోనే ఉండే అవకాశం:

| హ్యాండ్లు | నిజమైన విన్ రేట్ +4 | నిజమైన విన్ రేట్ +2 |
|---|---|---|
| 10,000 | 33 శాతం | 41 శాతం |
| 50,000 | 16 శాతం | 31 శాతం |
| 1,00,000 | 8 శాతం | 24 శాతం |
| 2,00,000 | 2.3 శాతం | 16 శాతం |
| 5,00,000 | 0.1 శాతం లోపు | 6 శాతం |

రెండో వరుసలో మొదటి గడి చూడండి. 100 హ్యాండ్లకు 4 బీబీలు గెలవడమంటే బలమైన ఆటే. అలాంటి ఆరుగురిలో ఒకరు 50,000 హ్యాండ్ల తర్వాత కూడా నష్టంలోనే కూర్చుని ఉంటారు. ఒమాహా ఆడేవాళ్లకు ఇంకా కష్టం: ఎస్‌డీ 140, విన్ రేట్ +4 అయితే 1,00,000 హ్యాండ్ల తర్వాత నష్టంలో ఉండే అవకాశం 18 శాతం.

4. ఆశించినదానితో పోల్చండి

"నాది +4 విన్ రేట్, ఇప్పుడు −1 వస్తోంది, ఇది మామూలేనా?" అన్నది అసలు ప్రశ్న. తేడాను మసకతో భాగించండి: (−1 − 4) ÷ 4.02 = −1.24. దీన్ని జెడ్ అంటారు. స్ప్రెడ్‌షీట్‌లో స్టాండర్డ్ నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఫంక్షన్‌లో పెడితే దాదాపు 10.7 శాతం వస్తుంది. ఫంక్షన్ దగ్గర లేకపోతే ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు: జెడ్ −1 అయితే 16 శాతం, −1.64 అయితే 5, −2 అయితే 2.3, −3 అయితే 0.13.

10.7 శాతాన్ని తలకిందులుగా చదవడం చాలా మామూలు పొరపాటు. నా విన్ రేట్ ఇంకా +4 ఉండే అవకాశం 10.7 శాతం అని దాని అర్థం కాదు. నిజంగా +4 ఉన్న ఆటగాళ్లలో వందకు దాదాపు 11 మందికి ఇంత చెడ్డ లేదా ఇంతకంటే చెడ్డ 50,000 హ్యాండ్లు ఎదురవుతాయని మాత్రమే అర్థం.

మరి ఆ +4 ఎక్కడి నుంచి వచ్చింది? అదీ మీ పాత రికార్డు నుంచే వచ్చి ఉంటే, దానికీ సొంత మసక ఉంది. అప్పుడు రెండిటినీ కలపాలి. మొదటి 60,000 హ్యాండ్లలో +5, తర్వాతి 40,000లో −2 అనుకోండి. మొదటిదాని మసక 3.67, రెండోదానిది 4.5. రెండు వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 5.81. తేడా 7, కాబట్టి జెడ్ 1.2. పైకైనా కిందికైనా ఇంత తేడా ఊరికే రావడానికి 23 శాతం అవకాశం ఉంది. గ్రాఫ్‌లో కొండా లోయలా కనిపించేది లెక్కలో గతుకు మాత్రమే.

జెడ్ −2 దాటితే ఆటను తిరిగి చూసుకోవడం మొదలుపెట్టండి. −3 దాటితే +4 అన్న నమ్మకాన్ని పక్కన పెట్టి, టేబుల్స్ మారాయా, ఆటగాళ్లు ముదిరారా, నిద్ర లేకుండా ఆడుతున్నానా అని చూడాల్సిందే.

5. డౌన్‌స్వింగ్ లోతుకు వేరే కొలత

గ్రాఫ్‌లో శిఖరం నుంచి అడుగు దాకా పడిన భాగాన్ని (దీన్నే డౌన్‌స్వింగ్ అంటారు) తీసుకుని దాని మీద పై జెడ్ లెక్క పెట్టకండి. ఆ భాగాన్ని ఎంచుకున్నదే అది చెడ్డదని. దానికి పనికొచ్చే సూత్రం వేరే ఉంది:

సగటు లోతు = ఎస్‌డీ × ఎస్‌డీ ÷ (2 × విన్ రేట్)

ఎస్‌డీ 90, విన్ రేట్ +4 అయితే 8100 ÷ 8 = 1012 బీబీ. అంటే చాలాకాలంగా ఆడుతున్న మంచి ఆటగాడి గ్రాఫ్‌ను ఏ క్షణంలో చూసినా, సగటున తన పాత శిఖరం కంటే పది బై-ఇన్‌లు (ఒక్కోటి 100 బీబీలు) కిందే ఉంటాడు. విన్ రేట్ +2 అయితే ఇరవై బై-ఇన్‌లు. ఇది తెలియక ఎంతమంది పది బై-ఇన్‌లు పోగానే ఆట మార్చేసుకుని ఉన్నదీ చెడగొట్టుకుంటారో.

సగటు తెలిశాక మిగతాది సులువు. ఒక క్షణంలో శిఖరం కింద ఫలానా లోతు కంటే ఎక్కువలో ఉండే అవకాశం కావాలంటే, లోతును సగటు లోతుతో భాగించి, దాని రుణాత్మకాన్ని ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్‌లో పెట్టండి. +4 ఆటగాడు 20 బై-ఇన్‌ల కంటే లోతులో ఉండే అవకాశం 13.9 శాతం, 30 దాటి ఉండేది 5.2 శాతం. +2 ఆటగాడికి 30 దాటి ఉండేది 22.7 శాతం. ఇవి ఏదో ఒక క్షణానికి సంబంధించిన అంకెలు. జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు అంత లోతు చూడటం దాదాపు ఖాయం.

బ్యాంక్‌రోల్ (ఆట కోసం పక్కన పెట్టిన డబ్బు) మొత్తం తుడిచిపెట్టుకుపోయే అవకాశానికీ ఇదే సూత్రం, లోతు స్థానంలో బ్యాంక్‌రోల్ పెట్టాలి. ఆ అవకాశం 5 శాతం దాటకూడదనుకుంటే +4 ఆటగాడికి దాదాపు 3,030 బీబీలు కావాలి. అయితే విన్ రేట్ నిజంగా +4 అయితేనే ఇదంతా. సున్నా అయినా, మైనస్ అయినా ఏ బ్యాంక్‌రోలూ ఆదుకోదు. అందుకే ఇందులో ట్రాకర్ చూపించిన విన్ రేట్‌ను కాకుండా, తొమ్మిదో మెట్టులో వచ్చే తగ్గించిన అంకెను పెట్టండి.

6. ఆల్-ఇన్ అదృష్టాన్ని విడదీయండి

ఏస్ జతతో రాజు జత మీద ప్రీఫ్లాప్‌లోనే (బల్ల మీద ముక్కలు తెరవకముందే) చెరి 100 బీబీలు, అంటే ఉన్నదంతా, లోపలికి వెళ్లాయనుకోండి. దీన్నే ఆల్-ఇన్ అంటారు. ఏస్‌లకు గెలిచే వాటా సుమారు 82 శాతం. బ్లైండ్లు వదిలేస్తే పాట్ 200, మీకు న్యాయంగా రావాల్సింది 164, పెట్టుబడి పోను +64. ఫలితం మాత్రం +100 లేదా −100. ట్రాకర్‌లోని ఆల్-ఇన్ ఈవీ (ఆశించిన విలువ) గీత ప్రతిసారీ +64 అనే రాసుకుంటుంది. మీ అసలు గీతకూ దానికీ మధ్య ఉన్న ఖాళీయే ఆల్-ఇన్‌లలో కలిసొచ్చిన, కలిసిరాని మొత్తం.

ఆ ఖాళీ అసాధారణమా అన్నది వేరే ప్రశ్న. రివర్‌కు (బల్ల మీద తెరిచే చివరి, అయిదో ముక్కకు) ముందే ఆల్-ఇన్ అయి, ఇద్దరే మిగిలి, ముక్కలు తెరిచిన హ్యాండ్లను ఫిల్టర్ చేయండి. ఉదాహరణకు 120 ఉన్నాయి: 80 శాతం వాటాతో 50, 55 శాతంతో 40, 20 శాతంతో 30.

- గెలవాల్సినవి: 40 + 22 + 6 = 68
- వేరియెన్స్ (ఎస్‌డీ వర్గం), ప్రతిదానికీ వాటా × (1 − వాటా): 8 + 9.9 + 4.8 = 22.7
- ఎస్‌డీ: 4.76

గెలిచినవి 59 అయితే, లెక్కించేవి పూర్ణ సంఖ్యలు కాబట్టి అర చేర్చి 59.5 తీసుకోండి. (59.5 − 68) ÷ 4.76 = −1.79. ఇలాంటిది దాదాపు 3.7 శాతం సార్లు జరుగుతుంది. దురదృష్టమే, కానీ వింత కాదు. అన్నీ 200 బీబీల పాట్లే అయితే ఈ తొమ్మిది ఓటముల ధర 1,800 బీబీలు. 50,000 హ్యాండ్ల మీద పరిస్తే 100 హ్యాండ్లకు 3.6 బీబీలు. +4 ఆటగాణ్ని సున్నా దగ్గర నిలబెట్టడానికి ఈ 120 హ్యాండ్లు చాలు. పాట్ల సైజులు వేరైతే ప్రతి వాటా × (1 − వాటా)ను పాట్ సైజు వర్గంతో గుణించి కూడండి, లేకపోతే చిన్న స్టాక్ ఆల్-ఇన్‌లు పెద్దవాటితో సమానమైపోతాయి.

ఈవీ గీతను న్యాయమూర్తిగా కూర్చోబెట్టడం మాత్రం పొరపాటు. మీ రాజు జత మాటిమాటికీ ఏస్ జతకు తగులుతుంటే "−64 నీకు న్యాయమే" అంటుంది. ఫ్లాప్‌లో (మొదట తెరిచే మూడు ముక్కల్లో) సెట్ (చేతి జతకు అదే ముక్క బల్ల మీద కలిసి మూడవడం) మీద పెద్ద సెట్ పడితే చిన్న సెట్‌కు మిగిలేది 4 శాతం చుట్టూనే, ఆ ఓటమినీ న్యాయమనే రాసుకుంటుంది. ఎదుటివాడికి ఏం పడిందన్నదీ, మీరు ఎన్నిసార్లు ఫ్లాప్ తప్పారన్నదీ దాని లెక్కలో లేవు. ఈవీ గీత అసలు గీతతో పాటే కిందికి పోతోందంటే ఆట చెడినట్టే అని తీర్పు చెప్పేవాళ్లు ఉన్నారు, ఆ తీర్పు నిలవదు.

7. "సైట్‌లో మోసం" అన్న అనుమానానికి పరీక్ష

అనుమానం ఉంటే గుర్తున్న చేదు హ్యాండ్లను కాదు, మొత్తం డేటాబేస్‌ను లెక్కించాలి. రెండు ముక్కల చేతులు 1,326 రకాలు. అందులో జతలు 78, అంటే 17కు ఒకటి. ఏస్ జతలు 6, అంటే 221కి ఒకటి. 50,000 హ్యాండ్లలో:

- జతలు సగటున 2,941, ఎస్‌డీ 53. సుమారు 2,836 నుంచి 3,046 మధ్య ఉంటే ప్రశ్నే లేదు.
- ఏస్ జతలు 226, ఎస్‌డీ 15. 198 వచ్చాయంటే జెడ్ −1.9. మామూలే.
- జతతో ఫ్లాప్ చూసినప్పుడు అదే ముక్క కనీసం ఒకటి పడి సెట్ లేదా అంతకంటే మంచిది తగిలేది 11.76 శాతం. 1,800 సార్లు చూస్తే 212, ఎస్‌డీ 13.7.

ఈ చివరిదాంట్లో మీకు 180 మాత్రమే వచ్చాయనుకోండి. జెడ్ −2.3. "దొరికింది!" అనిపిస్తుంది. కానీ దీనికి ముందు ఎన్ని పరీక్షలు చేశారు? జతలు, ఏస్‌లు, సూటెడ్ ముక్కలు, ఫ్లష్ డ్రాలు, రివర్ ముక్కలు అంటూ ఇరవై చూసి ఉంటే, అంతా సవ్యంగా ఉన్నా కనీసం ఒక్కటైనా ±2 దాటే అవకాశం 60 శాతం. ఇరవై పరీక్షలు చేస్తే హద్దును ±2 నుంచి ±3కి జరపండి. అనుమానం వచ్చిన పరీక్షనే కొత్త హ్యాండ్ల మీద, పాతవి కలపకుండా, మళ్లీ చేయండి. నిజమైన లోపమైతే మళ్లీ కనిపిస్తుంది. కనిపించకపోతే వదిలెయ్యండి.

ఆటగాళ్లు కుమ్మక్కవడం, బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాంలు) ఆడటం మాత్రం ముక్కల లెక్కలో పట్టుబడవు. పంపకం సక్రమంగానే ఉంటుంది, మోసం బెట్టింగ్‌లో ఉంటుంది.

8. సెషన్లను కలిపి గిలకొట్టండి

ఇప్పటిదాకా ప్రతి హ్యాండూ ముందుదానితో సంబంధం లేనిదని అనుకున్నాం. ముక్కల విషయంలో అది నిజం, ఆటగాడి విషయంలో కాదు. పోయినదాన్ని రాబట్టుకోవాలని అర్ధరాత్రి దాకా కూర్చునేవాడి హ్యాండ్లు ఒకదాన్నొకటి లాగుతాయి.

దీన్ని పట్టుకోవడానికి సెషన్ల జాబితా తీయండి, ఒక్కోదానికి హ్యాండ్లు, ఫలితం. 200 సెషన్లుంటే, తీసినదాన్ని మళ్లీ కలిపేస్తూ యాదృచ్ఛికంగా 200 తీయండి. మొత్తం ఫలితాన్ని మొత్తం హ్యాండ్లతో భాగించి విన్ రేట్ రాసుకోండి. ఇలా 10,000 సార్లు. చిన్న ప్రోగ్రాం ముక్క అయితే క్షణాల పని. వచ్చినవాటిని పెద్ద చిన్న వరుసలో పేర్చి 250వది, 9,750వది చూడండి. అదే 95 శాతం పరిధి. ఇది మూడో మెట్టులో వచ్చిన పరిధికి దగ్గరగా ఉంటే సరే. స్పష్టంగా వెడల్పుగా ఉంటే, మంచి సెషన్లలో ఒకలా, చెడ్డ సెషన్లలో ఇంకోలా ఆడుతున్నారేమోనని అనుమానించాలి. అప్పుడు సెషన్లను మొదటి గంట, మిగతా గంటలు అని విడగొట్టి చూడండి.

9. అంకెను కొంచెం వెనక్కి లాగండి

30,000 హ్యాండ్లలో +8 వచ్చిందంటే దాన్ని నమ్మి స్టేక్ పెంచే తొందర సహజం. మసక 5.2 ఉంది, దాని వర్గం 27. మీ స్టేక్‌లో స్థిరంగా ఆడేవాళ్ల నిజమైన విన్ రేట్లు సున్నా చుట్టూ, 4 బీబీల ఎస్‌డీతో పరుచుకుని ఉన్నాయని అనుకుందాం. ఇది ఊహే, మీ టేబుల్స్‌ను బట్టి మార్చుకోండి. 4 వర్గం 16. మీ రికార్డుకు దక్కే బరువు 16 ÷ (16 + 27) = 0.37. కాబట్టి మెరుగైన అంచనా 8 × 0.37, దాదాపు +3. గెలిచే ఆటగాడే అయ్యే అవకాశం 83 శాతం దగ్గర ఉంటుంది, +8 అన్నది మాత్రం మరిచిపోవాలి. నష్టాల్లో ఉన్నవాళ్లకూ ఇదే దయ వర్తిస్తుంది.

10. టోర్నమెంట్లలో ఇది ఎందుకు సరిపోదు

తొమ్మిది మంది సిట్ అండ్ గోలో (సీట్లు నిండగానే మొదలయ్యే చిన్న టోర్నమెంట్‌లో) బహుమతులు 50, 30, 20 శాతం అయితే, సమాన నైపుణ్యమున్న ఆటగాడి ఎస్‌డీ ఒక్కో ఆటకు 1.56 బై-ఇన్‌లు (ఇక్కడ బై-ఇన్ అంటే ప్రవేశ రుసుము). 500 ఆటల తర్వాత ఆర్‌ఓఐ (పెట్టుబడి మీద రాబడి) మసక 7 శాతం. ఇక్కడిదాకా పై లెక్కలే నడుస్తాయి.

వెయ్యి మంది టోర్నమెంట్ వేరే లోకం. విజేతకు ప్రైజ్ పూల్‌లో 18 శాతం అంటే 180 బై-ఇన్‌లు. సగటు ఆటగాడికి ఆ ఒక్క స్థానం వల్లే వేరియెన్స్ 32 దాకా చేరుతుంది, అన్నీ కలిపితే ఎస్‌డీ 6 బై-ఇన్‌ల చుట్టూ లేదా ఆపైన. 500 టోర్నమెంట్ల తర్వాత 95 శాతం పరిధి అటూ ఇటూ 50 శాతం పైమాటే. అన్ని టోర్నమెంట్లు ఆడినా ఒక్కసారీ మొదటి స్థానం రాకపోవడానికి 61 శాతం అవకాశం ఉంది, వచ్చినవాడి ఆర్‌ఓఐ ఆ ఒక్క రోజు వల్ల 36 శాతం పెరుగుతుంది. గంట ఆకారపు వక్రరేఖ ఇక్కడ అబద్ధం చెబుతుంది, ఎనిమిదో మెట్టు పద్ధతి కూడా ఎప్పుడూ రాని మొదటి స్థానాన్ని సృష్టించలేదు. బహుమతి పట్టిక, స్థానాల అవకాశాలు పెట్టి సిమ్యులేషన్ చేసే వేరియెన్స్ క్యాలిక్యులేటర్‌నే వాడాలి.

11. ఏమీ తేలనప్పుడు ఎక్కడ చూడాలి

విన్ రేట్ నత్తనడక నడుస్తుంది కానీ ఆట అలవాట్లు త్వరగా బయటపడతాయి. స్వచ్ఛందంగా పాట్‌లోకి వెళ్లే శాతం 24 అనుకోండి. 5,000 హ్యాండ్లలోనే దాని మసక 0.6 శాతం. అది 24 నుంచి 27కి జరిగితే జెడ్ 3 దాటుతుంది, అదృష్టం అనడానికి వీల్లేదు. 5,000 హ్యాండ్లలో విన్ రేట్ మసక 12.7 బీబీలు. తేడా చూశారుగా.

అందుకని గెలిచిన కాలం, ఓడిన కాలం పక్కపక్కన పెట్టి, పాట్‌లోకి వెళ్లే శాతం, ప్రీఫ్లాప్ రెయిజ్, త్రీ-బెట్ (రెయిజ్ మీద మళ్లీ రెయిజ్), బిగ్ బ్లైండ్ కాపాడుకోవడం, రివర్‌లో కాల్ చేసే శాతం పోల్చండి. ప్రతిదానికీ మసక √(వాటా × (1 − వాటా) ÷ అవకాశాలు). అవకాశాలంటే మొత్తం హ్యాండ్లు కాదు, ఆ నిర్ణయం నిజంగా ఎదురైన సార్లు. రివర్ కాల్స్ లాంటివి 300 సార్లే వచ్చి ఉండొచ్చు, అప్పుడు మసక 3 శాతం దాకా ఉంటుంది. అలవాట్లన్నీ కదలకుండా ఉండి, ఫలితం మాత్రమే పడిపోయి, జెడ్ −2 దాటకుండా ఉంటే ముక్కల మీద నెపం వేయడానికి మీకు హక్కుంది. రివర్ కాల్స్ 35 నుంచి 48 శాతానికి పెరిగి ఉంటే, ఆ కాల్స్‌నే ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి.

తర్వాతి పరీక్ష తేదీ ఇప్పుడే రాసిపెట్టండి: ఎన్ని హ్యాండ్ల తర్వాత, ఏ విన్ రేట్‌తో పోల్చి, జెడ్ ఎంత దాటితే ఏం మారుస్తారో. ప్రతి సెషన్ తర్వాతా తొంగి చూసి, బాగా చెడ్డగా కనిపించిన రోజునే ఆపి లెక్క వేస్తే −2 అన్న హద్దుకు అర్థం పోతుంది. 50,000 అని రాస్తే 50,000 పూర్తయ్యాకే ఫైల్ తెరవండి.